గుండాటలో సగము లెక్క

జాతరలలో, పండుగలలో చాటుమాటుగా గుండాట నడుచుట ఉత్తరమున శ్రీకాకుళము మొదలు గోదావరి తీరము వరకు అందరెరిగినదే. ఆరు బొమ్మల గుడ్డపై డబ్బు కాయుదురు; ఆ బొమ్మలే గల పాచికలను ఆట నడుపువాడు వేయును. 1974 నాటి చట్టము ప్రకారము ఇది నేరము. అయినను ఆడువాని మనస్సులో ఒక లెక్క మెదలుచుండును: “పాచికలు మూడు, బొమ్మలు ఆరు. నా బొమ్మ పడుటకు సగము అవకాశ మున్నది!”

ఒక్క పైస కాయకుండ దీనిని పాఠశాల కంప్యూటరుపై పరీక్షింపవచ్చును. చెల్లింపులు ఊరికొక తీరు. లెక్కకొరకు, రూపాయి కాసిన బొమ్మ ఒక పాచికపై పడిన ఒక రూపాయి, రెండింటిపై రెండు, మూడింటిపై మూడు లాభమనియు, పడకున్న కాసినది పోవుననియు అనుకొందురు గాక.

స్ప్రెడ్‌షీటులో మొదటి మూడు గడులయందు రాండ్‌బిట్వీన్ సూత్రముతో 1 నుండి 6 లోపల ఏదో ఒక అంకెను తెప్పించవలెను. (ఇవి కేవలము యాదృచ్ఛికములు కావు, యంత్రము లెక్కకట్టి ఇచ్చునవే, ఈ పనికి చాలును.) వానిలో 1 ఎన్నిసార్లు వచ్చినదో నాల్గవ గడిలో కౌంటిఫ్ చెప్పును. అది సున్నయైన అయిదవ గడిలో −1, కానిచో ఆ సంఖ్యయే వేయవలెను. దీనిని 100 వరుసలకు లాగి అయిదవ నిలువు వరుసను కూడినచో ఒక సాయంకాలపు ఆట ముగిసినట్లే. ఎఫ్9 మీట నొక్కిన మరియొక సాయంకాలము.

తమాషా ఇక్కడనే కలదు. ఇట్టి సాయంకాలములలో నాలుగైదింటికి ఒకటి లాభముతోనే ముగియును. జూదరి జ్ఞాపకముంచుకొనునది దానినే. వరుసలు 1000 చేసినచో లాభము నూటికి దాదాపు ఒక్కసారి మాత్రమే కనబడును. సగటున 79 రూపాయలు పోవును.

కారణమేమి? మూడు పాచికలు 6×6×6 = 216 విధముల పడును. కోరిన బొమ్మ అసలు రానివి 5×5×5 = 125. వచ్చునవి 91 మాత్రమే, అనగా నూటికి 42. సగములో తరిగినది ఎచ్చటికి పోయినది?

ఆరుగురు ఆరు బొమ్మలపై తలకొక రూపాయి కాసిరనుకొనుడు. మూడు వేరు బొమ్మలు పడినచో ఆట నడుపువాడు మూడు రూపాయలు తీసికొని మూడు చెల్లించును. వానికి మిగులునది సున్న. జంట పడినచో నాలుగు తీసికొని మూడే ఇచ్చును. మూడును ఒకటే అయినచో అయిదు తీసికొని మూడిచ్చును. చూచువారు “రెట్టింపు వచ్చినది!” అని కేకలు వేయు క్షణముననే వాని సంచి నిండుచున్నది. 216లో జంటలు 90, మూడును ఒకటే అగునవి 6. కనుక 1296 రూపాయల పందెముపై 90 + 12 = 102 రూపాయలు, అనగా రూపాయికి దాదాపు 8 పైసలు, పాచికలలో ఏ మోసమును లేకుండగనే వానికి మిగులును.