కంటికి ఆనని కందిరీగలు: అపోహలు – వాస్తవాలు

చెరకు తోటలో ట్రైకో కార్డు కట్టే రైతుకు కనిపించేవి నల్లటి నలుసులే. ఒక్కో నలుసూ బియ్యపు పురుగు గుడ్డు, అందులో పెరుగుతున్నది ట్రైకోగ్రామా కందిరీగ. ఈ మిత్ర పురుగుల గురించి, వాటి జన్యు మార్కర్ల గురించి వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కందిరీగ అంటే కుట్టేదే.

వాస్తవం: ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు ప్రాణి, మనల్ని కుట్టదు. పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలున్నదంతా తినేస్తుంది.

అపోహ: అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏదైతేనేం?

వాస్తవం: మన దేశంలో ఎన్నో ఏళ్ల గందరగోళానికి మూలం ఈ పోలికే. ఇక్కడి కైలోనిస్ జాతి చాలాకాలం ఆస్ట్రాలికం వంటి వేరే పేర్లతో చలామణి అయింది. మగవాటి జననాంగాల నిర్మాణం చూస్తే జాతి తెలుస్తుందని 1971లో సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ చూపారు. ఇంత చిన్న ప్రాణిలో ఆ తేడా పట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో! దానికి దక్కాల్సిన గుర్తింపు ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

అయితే మగవే లేకపోతే? కొన్ని ట్రైకోగ్రామా గుంపుల్లో వొల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. దానివల్ల తల్లి జతకట్టకుండానే ఆడపిల్లల్ని కంటుంది. యాంటీబయాటిక్ ఇస్తే మళ్లీ మగవి పుడతాయని 1990లో తేలింది. అంతా ఆడవే ఉన్న గుంపులో అక్కరకొచ్చేది డీఎన్ఏ. ఐటీఎస్-2 అనే ముక్క పొడవు, అక్షరాల వరుస జాతిని బట్టి మారతాయి.

అపోహ: మార్కర్లు వాడటమంటే జన్యువులు మార్చడమే.

వాస్తవం: మార్చడం లేదు, చదవడమే. చీర అంచులో మామిడి పిందెలు వరుసగా నేసినట్టు, డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు పదే పదే వస్తాయి. వీటిని మైక్రోశాటిలైట్లు అంటారు. ఒకే జాతిలోనూ పిందెల లెక్క మారుతుంది. మార్కర్లు తయారుచేయడమంటే ఇలాంటి చోట్లను వెతికి, వేర్వేరు పొలాల కందిరీగల్లో పరీక్షించడం. అన్నిటిలో ఒకే లెక్క వస్తే అది పనికిరాదు, తేడా చూపేదే మార్కర్. ఒక జాతికి చేసినవి దూరపు జాతిలో తరచు పనిచేయవు. కష్టపడి చేసుకుంటే మాత్రం, మనం వదిలినవాటికీ స్థానికమైనవాటికీ జన్యు తేడా ఉన్నప్పుడు ఏవి నిలిచాయో తెలుస్తుంది.

అపోహ: ల్యాబుల్లో లక్షల్లో పెంచుతుంటే ఇక లోటేముంది?

వాస్తవం: సంఖ్య వేరు, వైవిధ్యం వేరు. కోనసీమ కొబ్బరిలో నల్లతల గొంగళిపురుగు మీద వదిలే బ్రాకాన్ అనే కందిరీగనే చూడండి. ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి మగది పుడుతుంది, దానికి ప్రతి జన్యువూ ఒకే ప్రతి. ఆడదానికి రెండు ప్రతులు. లింగాన్ని నిర్ణయించే జన్యువులో ఆ రెండూ వేరువేరుగా ఉంటేనే ఆడది. తరతరాలుగా తోబుట్టువులే జతకడితే రెండూ ఒకటైపోతాయి. అప్పుడు ఆడది కావాల్సిన గుడ్డు చచ్చిపోతుంది, లేదా పిల్లల్ని పుట్టించలేని మగదవుతుంది. గొంగళిపురుగును కుట్టి పడగొట్టేది ఆడ బ్రాకానే కాబట్టి నష్టం రైతుకే. మగదానిలో ఏ మార్కర్‌కైనా రెండు రకాల ప్రతులు కనబడ్డాయంటే ప్రమాదం మొదలైనట్టే.

కందిరీగల్ని పెంచే ప్రతి కేంద్రమూ తన మూల సంతతిని ఏటా ఇలా పరీక్షించుకోవాలి. రైతులూ కార్డు తీసుకునేటప్పుడు జాతి పేరు అడగండి. వరిలో కాండం తొలిచే పురుగుకు జపానికం, చెరకులో పీక పురుగుకు కైలోనిస్.