మీకు తెలుసా? జైలు పుస్తకాల్లో మనుషులు

‘పాపియాన్’ను డాక్టర్ ఎం.వి. రమణారెడ్డి ‘రెక్కలు చాచిన పంజరం’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. మొదలుపెడితే కింద పెట్టబుద్ధి కాని పుస్తకం. తాను చెయ్యలేదని చెప్పుకున్న హత్యకు 1931లో యావజ్జీవ శిక్ష పడ్డ, ‘పాపియాన్’ (సీతాకోకచిలుక) అనే మారుపేరున్న హెన్రీ షారియర్ అనే ఫ్రెంచివాడు, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా జైళ్ల నుంచి మళ్లీ మళ్లీ పారిపోయిన గాథ అది. 1969లో ఫ్రాన్సులో వెలువడింది. ఇది తన ఆత్మకథేనన్నాడు షారియర్.

అందులో మరిచిపోలేని ఘట్టం డెవిల్స్ ఐలాండ్ నుంచి పారిపోవడం. బండల మీద కూర్చుని అలలను లెక్కపెడతాడు. ఏడో అల అన్నిటికంటే పెద్దదని కనిపెడతాడు. దానికి లీసెట్ అని ముద్దుపేరు పెడతాడు. ఆ అల వెనక్కి మళ్లేటప్పుడు కొబ్బరికాయల బస్తాతో సముద్రంలోకి దూకేస్తాడు. ఇంత కళ్లకు కట్టినట్టు రాసిన మనిషిని ఆ దీవిలో ఖైదు చేసినట్టు రికార్డుల్లోనే లేదని ఫ్రెంచి అధికారులు చెప్పారు. అది రాజకీయ ఖైదీల దీవి. దేశద్రోహం నేరం అన్యాయంగా మోసిన సైనికాధికారి డ్రైఫస్‌ను 1895 నుంచి 1899 దాకా ఉంచింది అక్కడే.

ఆ పుస్తకం ఆధారంగా వచ్చిన సినిమా చూసినవాళ్లకు తోటి ఖైదీ, కళ్లద్దాల డెగా గుర్తుండే ఉంటాడు. 1973 నాటి ఆ చిత్రంలో డస్టిన్ హాఫ్‌మన్ వేసిన పాత్ర. చివరిదాకా పాపియాన్ వెన్నంటి ఉండి, ఆఖరి నిమిషంలో దూకలేక దీవిలోనే ఆగిపోతాడు. పుస్తకంలో మాత్రం ఆ చివరి ప్రయాణంలో తోడు వెళ్లేది సిల్వేన్ అనే మరో ఖైదీ. ఒడ్డు దాకా వచ్చి, బురదలో కూరుకుపోయి చనిపోతాడు.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే జెరార్ ద విలియే అనే రచయిత అందులోని అబద్ధాలను ఎత్తిచూపుతూ ఏకంగా ఇంకో పుస్తకం రాశాడు. తోటి ఖైదీలకు జరిగినవాటిని షారియర్ తన ఖాతాలో వేసుకున్నాడన్న మాట అప్పటి నుంచీ ఉంది. 2005లో, పారిస్ దగ్గర ఓ వృద్ధాశ్రమంలో ఉన్న 104 ఏళ్ల చార్లెస్ బ్రూనియే అసలు పాపియాన్‌ను నేనే అన్నాడు. ఆయనా గయానాలో శిక్ష అనుభవించినవాడే, ఆయన చేతి మీద సీతాకోకచిలుక పచ్చబొట్టు ఉండేది. షారియర్ 1973లోనే పోయాడు కనుక జవాబు చెప్పేవాళ్లు లేరు. ఆ పుస్తకం అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ కష్టం ఒకరు పడితే పేరు ఇంకొకరికి రావడం మాత్రం మనసుకు పట్టదు.

ఇక మన పాత నల్లగొండ జిల్లాకే వద్దాం. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ అని ఓ పుస్తకం రాశారు. ఆయన దాన్ని ఆత్మకథ అనలేదు, కథలనే అన్నారు. అయితే అందులోని ఖైదీలు ఆయన ఊహలో పుట్టినవాళ్లు కాదు. నిజాం కాలంలోనూ, ఆ తర్వాతా జైళ్లలో తనతోపాటు ఉన్న మనుషులనే కథల్లోకి తెచ్చారు. పెద్ద నాయకులను కాదు, దొంగతనాలకూ హత్యలకూ లోపలికొచ్చిన మామూలు మనుషులను. నేరం కంటే ముందు వాళ్ల ఇంటి పరిస్థితి ఏమిటో అడిగి తెలుసుకున్న రచయిత ఆయన. తన గొప్ప చెప్పుకోవడానికి ఎంత చోటున్నా, ఆ చోటంతా వాళ్లకే ఇచ్చారు. ‘ప్రజల మనిషి’ నవలలో కంఠీరవం పాత్రలో ఆళ్వారుస్వామే కనిపిస్తారని చదివినవాళ్లు అంటుంటారు. అక్కడా తన పేరు పెట్టుకోలేదు.

నిజామాబాద్ జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసిన సంగతి చాలామందికి తెలుసు. అప్పుడు ఆయనతో పాటు ఖైదులో ఉన్నది ఈ ఆళ్వారుస్వామే. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ కవితా సంపుటిని దాశరథి ఆయనకే అంకితమిచ్చారు.