ఆదివాసీ మగవారిలో బక్కతనం.. ఒంటి తీరు కాదు, తిండి లోటు

‘కొండల్లో తిరిగే మనుషులు, సన్నగానే ఉంటారులే’ అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ సన్నదనం వెనుక తిండి లోటు ఉందా లేదా అని చూడటానికి ఒక లెక్క ఉంది. అదే బీఎంఐ.

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 18.5 కంటే తక్కువ వస్తే చాలాకాలంగా ఒంటికి సరిపడా తిండి అందడం లేదని భావిస్తారు. 16 కంటే తగ్గితే పరిస్థితి తీవ్రమే. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మగమనిషి 48 కిలోలుంటే ఆయన బీఎంఐ 17.6. కనీసం 51 కిలోలుంటేనే గీత దాటినట్టు. అయితే కాళ్లు పొడుగ్గా ఉన్నవారికి ఈ లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది. అందుకే జబ్బ చుట్టుకొలత కూడా చూడటం మంచిది.

జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ గిరిజన ప్రాంతాల్లో సర్వే చేసి 2009లో నివేదిక ఇచ్చింది. మగవారిలో సుమారు 40 శాతం మంది ఈ గీత కిందే ఉన్నారు. ఆడవారిలో దాదాపు సగం మంది.

కారణాలు తెలియనివి కావు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోతాయి, పొలం పని మాత్రం అప్పుడే ఎక్కువ. మలేరియా వచ్చేదీ అప్పుడే. జొన్న, సామ, కొర్ర తగ్గి అన్నమే మిగిలింది. పప్పు, గుడ్డు, నూనె అరుదు. అంగన్‌వాడీ తిండి పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు. అది అవసరమే. కానీ కూలి చేసే మగవాడికి రేషన్ బియ్యం తప్ప వేరే ఆసరా లేదు. బలం తగ్గితే పని తగ్గుతుంది, పని తగ్గితే కూలి తగ్గుతుంది, కూలి తగ్గితే మళ్లీ తిండే తగ్గుతుంది.

పైగా బక్కచిక్కిన ఒంటిని టీబీ త్వరగా పట్టుకుంటుంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లపై ఒక పరిశోధన జరిగింది. ఆ ఇళ్లలో ఎక్కువ మంది సంతాల్, హో, ముండా వంటి ఆదివాసీలే. కొన్ని ఇళ్లలో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అవి అందని ఇళ్లతో పోలిస్తే అక్కడ కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ఫలితాలు వెల్లడించారు.

అంటే ఇది నయం చేయలేని సమస్య కాదు. బియ్యంతో పాటు పప్పు కూడా ఇంటికి చేరాలి. ఆరోగ్య శిబిరాల్లో పిల్లలతో పాటు తండ్రుల బరువు కూడా తూచాలి.