పలుకు తీరును వర్ణించుట: భద్రాచల సీమ నిదర్శనము

ఒక మనిషి ఎట్లు మాటలాడునో చెప్పుమన్నచో మనము సాధారణముగా ‘అతని మాట మోటు’ అనియో, ‘అతనికి యాస ఎక్కువ’ అనియో తేల్చివేయుదుము. ఇట్టి వాక్యములలో వక్తను గూర్చిన వివరము కంటె శ్రోత యొక్క అభిరుచియే అధికముగా కానవచ్చును. పలుకు తీరున కంఠము, కాకువు, యాస అను మూడంశములు వేర్వేరుగా కలవు. కంఠము శరీరమునకు, కాకువు ఆ క్షణమందలి అభిప్రాయమునకు, యాస పెరిగిన చోటునకును పుట్టుభాషకును సంబంధించినవి. వీనిని కలగలిపినచో వర్ణన చెడుటయే కాక, మాటలాడినవానికి అన్యాయమును జరుగును. ఖమ్మము, భద్రాచలముల అటవీ సరిహద్దు ఈ విషయమునకు చక్కని నిదర్శనము.

మొదట కంఠము. దీనిని వర్ణించుటకు తెలుగున పదములకు కొదవ లేదు. బొంగురు గొంతు, కీచు గొంతు, జీరవోయిన గొంతు, కంచు కంఠము అనునవి నాదగుణమును తెలుపును. నత్తి అనునది మాట ధారకు కలుగు అడ్డంకిని తెలుపును. గొణుగుట, సణుగుట, గద్దించుట అనునవి మాత్రము ఇట్టివి కావు. వీనిలో ధ్వనితో పాటు వక్త మనసును గూర్చిన తీర్పు కూడ ఇమిడియున్నది. ‘తగ్గు స్వరమున చెప్పెను’ అనుటకును, ‘సణిగెను’ అనుటకును చాల భేదము కలదు. మొదటిది విన్నది, రెండవది విన్నదానిపై ఊహించినది.

కాకువును మన పూర్వులు సూక్ష్మముగా పరిశీలించిరి. భరతుని నాట్యశాస్త్రము పాఠ్యగుణములను వివరించుచు ఉరస్సు, కంఠము, శిరస్సు అను మూడు స్థానములను, సాకాంక్షము, నిరాకాంక్షము అను రెండు కాకువులను పేర్కొన్నది. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అను ఆరింటిని పాఠ్యాలంకారములుగా చెప్పినది. దూరముననున్న వానిని పిలుచునపుడు ఉచ్చము, కలహమున దీప్తము, భయమున ద్రుతము తగునని దాని మతము. అనగా స్వరము హెచ్చుటకు కోపమొక్కటే కారణము కాదు. ఏటి ఆవలి గట్టున నున్న వానితోను, పోడు చేనికి ఆ కొసన పని చేయువానితోను నిత్యము మాటలాడువానికి ఉచ్చస్వరము అలవాటగుట సహజము. గదిలో కూర్చుండి వినువాడు దానిని గద్దింపుగా గ్రహించినచో దోషము వక్తది కాదు. అట్లే ‘నీవు వచ్చినావు’ అను ఒకే వాక్యము స్వరభేదముచే సంతోషమును, నిష్ఠూరమును, ప్రశ్నను తెలుపగలదు. వ్రాతలో ఆ స్వరము నిలువదు గనుక వర్ణించువాడు దానిని వేరుగా చెప్పవలెను.

ఇక యాస. దీనికి ఈ సీమ చరిత్రతో సంబంధము కలదు. భద్రాచల ప్రాంతము 1860లో నిజాము నుండి ఆంగ్లేయుల పాలనకు వచ్చినది. 1874లో గోదావరి జిల్లాలో చేరినది. 1959లో ఖమ్మము జిల్లాకు మారినది. 2014లో భద్రాచల పట్టణము తెలంగాణముననే నిలువగా, పరిసర మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016 నుండి పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఎల్లలు ఇన్నిమారులు మారిన చోట ‘వచ్చిండు’ అను తెలంగాణ రూపమును, ‘వచ్చాడు’ అను కోస్తా రూపమును ఇరుగుపొరుగున వినిపించుట వింత కాదు. రెండును ‘వచ్చినాడు’ అను రూపమునకు దగ్గరి చుట్టములే. ఒకటి శుద్ధము, మఱియొకటి అపభ్రంశము అనుటకు వ్యాకరణాధారము లేదు.

ఈ సీమయందే కోయ భాషయు వ్యవహారమున నున్నది. కొందఱు తలంచునట్లు అది చెడిన తెలుగు కాదు. 1906లో వెలువడిన భారత భాషా పరిశీలన నాలుగవ సంపుటము దానిని గోండీ మాండలికములలో చేర్చినది. నదీతీరవాసులగు గొమ్ము కోయల మాండలికమునకు స్టీఫెన్ టైలర్ రచించిన వ్యాకరణము 1969లో వెలువడినది. కొండరెడ్ల మాతృభాష మాత్రము తెలుగే. కావున అడవిలో నివసించు వారందఱి పలుకును కోయ ప్రభావముగా భావింపరాదు.

ఒక్క ఉదాహరణము చాలును. తెలుగున ఏకవచనమందు ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ అని స్త్రీకిని పశువునకును క్రియారూపమొక్కటే. బహువచనమున ‘స్త్రీలు వచ్చినారు’, ‘ఆవులు వచ్చినవి’ అని అది వేఱగును. గోండీ, కోయ భాషలయందు బహువచనమున కూడ స్త్రీలు అమహద్వర్గముతోనే చేరుదురు. కోయ మాతృభాషగా గలవాడెవడైన తెలుగున స్త్రీలను గూర్చి ‘వచ్చినవి’ అన్నచో విన్నవారు మర్యాద తెలియనివాడనుకొందురు. అతడు చేసినది అమర్యాద కాదు; మనము ఏకవచనమున పాటించు నియమమునే అతడు తన భాషానుసారము బహువచనమున పాటించినాడు.

మహాప్రాణముల విషయమును ఇట్టిదే. ‘భద్రాచలము’ను ‘బద్రాచలం’ అనుట అడవివారి లక్షణముగా చెప్పుట కద్దు. అచ్చ తెలుగు పదములలో సహజముగా ఒత్తక్షరములు లేవు. నిత్యవ్యవహారమున చదువుకొన్నవారి నోటను అవి తేలిపోవుచునే యుండును. అందఱికిని చెందిన లక్షణమును ఒకరికే అంటగట్టుట వర్ణన కాదు.

పాఠశాలలో ఉపాధ్యాయుడు, కచేరీలో వాఙ్మూలము వ్రాయువాడు, పదసేకరణకై వచ్చిన పరిశోధకుడు — ఈ మువ్వురును పరుల పలుకునకు రూపము నిచ్చువారు. తడవకొకమారు ‘తప్పు’ అనిపించుకొన్న బాలుడు నోరు మూసికొనును. ‘తడబడినాడు’ అని వ్రాయబడిన సాక్షి, నిజమునకు రెండవ భాషలో మాట వెదకికొనుచున్నవాడై యుండవచ్చును. కావున చెవికి తెలిసినదానిని ముందు వ్రాయవలెను: స్వరము హెచ్చా తగ్గా, వేగమెంత, ఎచట ఆగినాడు, ఏ రూపము వాడినాడు. కారణమును పిదప వెదకవలెను. శరీరమునందు, సందర్భమునందు, మాతృభాషయందు కారణము దొరకనపుడే గుణదోష విచారమునకు తావు కలుగును. ఆ మూడు చోట్లను వెదకినచో, మొదట దోషముగా తోచినవానిలో పెక్కింటికి సమాధానము లభించును.