ప్లాస్టిక్, రబ్బరు విడిభాగాల రూపకల్పన

ఒక వస్తువు ఏ పని చెయ్యాలి, ఏ పరిస్థితులలో చెయ్యాలి, ఎన్నాళ్ళు చెయ్యాలి అన్న మూడు విషయాలను ముందుగా నిర్ణయించుకొని, వాటికి తగిన పదార్థాన్ని, ఆకారాన్ని, తయారీ పద్ధతిని ఎంచుకోవటాన్ని రూపకల్పన అంటారు. ప్లాస్టిక్కులతోను, రబ్బరుతోను చేసే వస్తువుల విషయంలో ఈ మూడింటినీ విడదీసి ఆలోచించటం కుదరదు. ఇనుప కడ్డీ బలాన్ని పుస్తకంలో చూసి వాడుకోవచ్చు. ప్లాస్టిక్కు బలం మాత్రం వేడిమి, కాలం, ఎండ, దానికి తగిలే ద్రవం అనే నాలుగింటి మీద ఆధారపడి మారుతూ ఉంటుంది. మన ఊళ్ళలో ప్లాస్టిక్కు అంటే నాసిరకం అనే అభిప్రాయం స్థిరపడి పోయింది. ఇది పదార్థానికి జరిగిన అన్యాయం. చాలా సందర్భాలలో నాసి అయినది రూపకల్పన.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి సంబంధించినవి. ఆదోని పెద్ద పత్తి మార్కెట్టు. జిన్నింగు మిల్లులకు, నూనె మిల్లులకు పేరు పొందినది. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. ఇక్కడి చేనేత సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్ప స్థాపించాడు. తుంగభద్ర దిగువ కాలువ కింద కొంత భూమి సాగు అవుతున్నా, మిగిలినదంతా వానల మీద, బోరుబావుల మీద ఆధారపడిన మెట్ట ప్రాంతం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పత్తి, నూనె, నూలు, ఎండ, నీటి ఎద్దడి అన్నీ ఒకచోట ఉన్నందువలన ప్లాస్టిక్కుకు, రబ్బరుకు ఎదురయ్యే పరీక్షలు దాదాపు అన్నీ ఇక్కడ కనిపిస్తాయి.

కిలో ధర, మీటరు ధర

ప్లాస్టిక్కు మీద బరువు వేలాడదీసి వదిలేస్తే అది మొదట కొంచెం సాగి, ఆ తరువాత కూడా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. దీనిని క్రీప్ అంటారు. అందువలన ఒక గొట్టం ఈ రోజు ఎంత పీడనాన్ని తట్టుకొంటుంది అన్నది ముఖ్యం కాదు. యాభై ఏళ్ళ తరువాత కూడా ఎంత తట్టుకొంటుంది అన్నదే లెక్క. పాలిథిలీను నీటి గొట్టాలను పి.ఇ.63, పి.ఇ.80, పి.ఇ.100 అని తరగతులుగా విభజించటానికి ఇదే ఆధారం. 20 డిగ్రీల వద్ద నీటి పీడనాన్ని 50 సంవత్సరాలు భరించగల ప్రతిబలం (ఏకాంక వైశాల్యంపై పడే బలం) ఈ తరగతులకు వరుసగా 6.3, 8, 10 మెగాపాస్కల్‌లు.

గొట్టం గోడ మందాన్ని ఈ క్రింది సూత్రంతో కట్టవచ్చు:

మందం = (పీడనం × బయటి వ్యాసం) ÷ (2 × అనుమతించిన ప్రతిబలం + పీడనం)

63 మి.మీ. వ్యాసం గల గొట్టం 0.6 మెగాపాస్కల్ (సుమారు 6 కిలోల) పీడనాన్ని భరించాలి అనుకొందాం. భద్రత కోసం బలాన్ని 1.25తో భాగిస్తే పి.ఇ.63కి 5 మెగాపాస్కల్‌లు, పి.ఇ.100కి 8 మెగాపాస్కల్‌లు అనుమతించవచ్చు. అప్పుడు మొదటిదానికి 3.57 మి.మీ., రెండవదానికి 2.28 మి.మీ. మందం వస్తుంది. మీటరు గొట్టం బరువు మొదటిది సుమారు 633 గ్రాములు, రెండవది సుమారు 413 గ్రాములు. మేలురకం ముడిసరుకు కిలో ధర 20 శాతం ఎక్కువ అనుకొన్నా, మీటరు గొట్టానికి అయ్యే ముడిసరుకు ఖర్చు ఐదవ వంతు దాకా తగ్గుతుంది. కిలో లెక్కన చవకగా దొరికే సరుకు, చేసే పని లెక్కన ఖరీదైనది అయింది. (వాడుకలో ప్రమాణాల పట్టికలు ఈ అంకెలను కొంత పైకి సవరిస్తాయి. మరీ పలుచని గొట్టం మోసేటప్పుడు నొక్కుకు పోతుంది.)

అయితే పై లెక్క 20 డిగ్రీలది. 40 డిగ్రీల నీటిని మోసే పాలిథిలీను గొట్టానికి అనుమతించే పీడనం సుమారు నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. ఆదోని ఎండలో నేల మీద పరచిన గొట్టానికి ఈ తగ్గింపు వెయ్యకపోతే లెక్క తప్పినట్లే. అదే గొట్టాన్ని రెండడుగుల లోతున పూడిస్తే వేడీ తగ్గుతుంది, ఎండా తగలదు. కందకం తవ్వే కూలి కూడా రూపకల్పన ఖర్చులో భాగమే.

ఎండలో డ్రిప్పు గొట్టం

ఆధునిక బిందు సేద్యం ఇజ్రాయెల్‌లో మొదలైంది. 1965లో హట్జెరిం అనే కిబ్బుట్జ్ (సమష్టి వ్యవసాయ గ్రామం)లో నెటాఫిం సంస్థ ఏర్పడింది. ఆంధ్ర ప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకం 2003 నవంబరులో ప్రారంభమైన తరువాత నల్లని గొట్టాలు రాయలసీమ చేలలో సాధారణ దృశ్యం అయినాయి. రాయితీ ఉన్నా రైతు తన వాటా కట్టాలి. ఆ గొట్టం రెండో పంటకే పగిలితే డబ్బుతో పాటు, సరిగా పూతకి వచ్చే వేళకి నీరు అందక పంట కూడా పోతుంది.

ఈ గొట్టం నలుపు అలంకారం కాదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు పాలిథిలీను అణువుల గొలుసులను తెంపుతాయి. గొలుసులు పొట్టివి అవుతున్న కొద్దీ గొట్టం పెళుసెక్కి, పైపొర నెర్రెలు విచ్చుతుంది. కార్బన్ బ్లాక్ అనే మెత్తని మసిని సుమారు 2.5 శాతం కలిపితే అది కిరణాలను పైపొరలోనే మింగేసి లోపలి పదార్థాన్ని కాపాడుతుంది. మసి బరువుతో పాటు అది ఎంత సమంగా కలిసింది అన్నది కూడా ముఖ్యమే. ఉండలు కట్టిన మసి చుట్టూ పగుళ్ళు మొదలవుతాయి. పాత సంచులు, డబ్బాలు కరిగించిన తుక్కుతో చేసిన గొట్టం కూడా కొత్తలో నల్లగా, నున్నగానే ఉంటుంది. తేడా రెండు వేసవులు దాటిన తరువాత తెలుస్తుంది.

వ్యాకోచం మరొక సమస్య. ఈ పాలిథిలీను ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.2 మి.మీ. పెరుగుతుంది. ఉదయం 25 డిగ్రీలు ఉన్న 60 మీటర్ల ఖాళీ గొట్టం మధ్యాహ్నానికి 60 డిగ్రీలకు చేరితే 42 సెంటీమీటర్లు పొడుగు అవుతుంది. అంతే పొడుగున్న ఇనుప గొట్టం పెరిగేది రెండున్నర సెంటీమీటర్లే. మిట్టమధ్యాహ్నం చేలో గొట్టాలు పాముల్లా మెలికలు తిరగటానికి కారణం ఇదే. ఎండవేళ గొట్టాన్ని బిగుతుగా లాగి రెండు చివరలా కట్టేస్తే, చల్లని రాత్రివేళ అది కుంచించుకొని జాయింట్ల నుండి ఊడివస్తుంది. అందుకని వదులుగా పరచి, ఒక చివరనే బిగించాలి.

డ్రిప్పరు గుచ్చిన రంధ్రం దగ్గర గొట్టం ఎల్లప్పుడూ సాగదీయబడి ఉంటుంది. ఇలా బిగువులో ఉన్న పాలిథిలీనుకు సబ్బు, నూనె వంటివి తగిలితే, మామూలుగా భరించగల బలానికే అది పగులుతుంది. పాత రకం తక్కువ సాంద్రత పాలిథిలీను కంటె సరళ శృంఖల రకం దీనిని బాగా తట్టుకొంటుంది కనుకనే ల్యాటరల్ గొట్టాలకు దానిని ఎంచుకొన్నారు. బోరు నీటి సున్నం పేరుకొన్నప్పుడు ఆమ్లంతో కడగటం మామూలే. ఇనుమును తినేసే ఆ ఆమ్లం పాలిథిలీనును ఏమీ చెయ్యదు.

ఆకారం

కుర్చీ కాలు ఊగుతూంటే మందం పెంచాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. పలక మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లు అయ్యే మాట నిజమే. కాని ముడిసరుకు రెండు రెట్లు, అచ్చులో చల్లారే సమయం సుమారు నాలుగు రెట్లు అవుతాయి. ఒకే యంత్రం గంటకు పోసే వస్తువుల సంఖ్య పడిపోతుంది. పలకను పలుచగానే ఉంచి వెనుక సన్నని గట్లు (రిబ్బులు) కడితే తక్కువ సరుకుతో అదే బిగువు వస్తుంది. గట్టు మందం పలక మందంలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. అంతకు మించితే ఆ చోట ఆలస్యంగా చల్లారి, ఎదురు ముఖం మీద గుంట పడుతుంది. మూలలను పదునుగా వదలకుండా గుండ్రం చెయ్యటానికి ఖర్చు దాదాపు లేదు. అయినా విరిగిన బక్కెట్టును తిప్పి చూస్తే పగులు తరచు ఒక పదునైన మూలలోనే మొదలై ఉంటుంది.

మగ్గం మీద నాడెను అటూ ఇటూ తన్నే పికరుకు ఒకప్పుడు పచ్చితోలు, కర్ర వాడేవారు. నైలాను దెబ్బలకు ఓర్చుకొంటుంది, అరుగుదల తక్కువ, నూనె వెయ్యకపోయినా జారుతుంది. కాని నైలాను నీటిని పీల్చుకొంటుంది. అచ్చులో నుండి అప్పుడే తీసిన నైలాను పొడిగా, పెళుసుగా ఉంటుంది. గాలిలోని తేమ పట్టిన తరువాతనే గట్టిపడుతుంది, దానితో పాటు కొంచెం పెరుగుతుంది కూడా. గుంటమగ్గం ఉన్న గదిలో నూలు తెగకుండా నేతగాళ్ళు తేమను నిలుపుకొంటారు. కడ్డీ మీద సరిగ్గా సరిపోయేటట్లు చేసిన నైలాను భాగం అక్కడ బిగుసుకు పోవచ్చు. కాబట్టి రంధ్రాన్ని ఆ మేరకు వదులుగా గీయాలి.

రబ్బరుకు చోటు కావాలి

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడి చేసి వల్కనీకరణాన్ని కనుగొన్నాడు. గంధకం అణువుల గొలుసుల మధ్య అడ్డు ముళ్ళు వేస్తుంది. అందువలన రబ్బరు సాగినా తిరిగి తన ఆకారానికి వస్తుంది.

రబ్బరును నొక్కితే అది ఆకారం మార్చుకొంటుందే కాని పరిమాణం తగ్గదు. దీనిని మరచిపోవటం వలన జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి. ఉదాహరణకు 5 మి.మీ. లావు గల ఓ-రింగును 4 మి.మీ. లోతు గాడిలో పెడితే 20 శాతం నొక్కుడు పడుతుంది. నీరు కారకుండా ఆగటానికి ఇది చాలు. రింగు అడ్డుకోత వైశాల్యం 19.6 చదరపు మి.మీ. గాడి వెడల్పు 6 మి.మీ. అయితే 24 చదరపు మి.మీ. చోటు ఉంటుంది. సరుకు ఆదా అవుతుందని వెడల్పును 5 మి.మీ. చేస్తే చోటు 20 మాత్రమే. వేడి 50 డిగ్రీలు పెరిగితే రబ్బరు సుమారు 3 శాతం ఉబ్బి 20.2 అవుతుంది. పట్టని రబ్బరు సందులలోకి చొచ్చుకు వచ్చి తెగిపోతుంది.

చలి కూడా శత్రువే. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ కూలిపోవటానికి, చలికి బిగుసుకొని సందును వెంటనే మూయలేకపోయిన ఓ-రింగు కారణం అని విచారణలో తేలింది.

ఆదోని వంటి చోట చలి కంటె నూనె ముఖ్యం. సహజ రబ్బరు వేరుసెనగ నూనె, పత్తిగింజల నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నూనె మిల్లులో వాషర్లకు, సీళ్ళకు నైట్రైల్ రబ్బరు వాడాలి. అదే నైట్రైల్ ఆరుబయట ఎండకు, గాలిలోని ఓజోనుకు పగులుతుంది; అక్కడ ఇ.పి.డి.ఎం. రబ్బరు మేలు. కాని ఇ.పి.డి.ఎం. నూనెకు పనికిరాదు. మూడూ నల్లగానే ఉంటాయి, కొట్టులో ఒకే డబ్బాలో దొరుకుతాయి, చేత్తో పట్టుకొంటే తేడా తెలియదు. కాబట్టి కొనేవాడు సైజుతో పాటు రకం కూడా అడగాలి.

జిన్నింగు రోలరు: ఒక ఉదాహరణ

పత్తి నుండి గింజను వేరుచేసే రోలరు జిన్ను 1840లో ఫోన్స్ మెకార్తీ పేటెంటు పొందిన యంత్రం నుండి వచ్చినది. భారతదేశంలో దీని జంట రోలర్ల రూపం విస్తారంగా వాడుకలో ఉన్నది. గరుకైన రోలరు దూదిని పట్టి, తనకు ఒత్తుకొని ఉన్న స్థిరమైన కత్తి కిందుగా లాక్కుపోతుంది. గింజ ఆ సందులో పట్టక ఆగుతుంది. కదిలే కత్తి దానిని తట్టి కింద పడేస్తుంది. అంటే రోలరు దూదిని పట్టుకోవాలి, గింజను చిదపకూడదు, కత్తి రాపిడికి తొందరగా అరగకూడదు, వేడెక్కకూడదు.

సంప్రదాయకంగా ఈ పనిని తోలు చేసింది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు బిళ్ళలను ఇరుసు మీద గుచ్చి, బిగించి, లేతు మీద చెక్కి రోలరును తయారు చేస్తారు. పైన గాళ్ళు కోస్తారు. అవి అరిగినప్పుడల్లా మళ్ళీ కొయ్యాలి. తోలు పట్టు చాలా మంచిది. కాని అరిగిన తోలు ఎక్కడికీ పోదు, క్రోమియంతో సహా పొడిగా మారి దూదిలోను, మిల్లు గాలిలోను కలుస్తుంది. ఆ గాలిని రోజంతా పీల్చేది జిన్నుల వద్ద పనిచేసే కూలీలు, వారిలో చాలామంది స్త్రీలు. దూదితో పాటు ఈ క్రోమియం నూలుకు, బట్టకు కూడా చేరుతుంది.

బదులుగా రబ్బరు వాడితే సరి అనిపిస్తుంది. అయితే ఉత్త రబ్బరు రోలరు ఇక్కడ ఓడిపోతుంది. రబ్బరు వేడిని త్వరగా బయటకు పంపలేదు. కత్తి రాపిడి వలన, నొక్కి వదిలినప్పుడల్లా లోపల పుట్టే వేడి వలన పైపొర మెత్తబడి, దూది అంటుకొని, పట్టు జారుతుంది. గట్టిదనం పెంచితే దూదిని పట్టదు, తగ్గిస్తే త్వరగా అరుగుతుంది. నూలు బట్ట పొరలను రబ్బరుతో అతికించి, పొరల అంచులు పైకి వచ్చేటట్లు పేర్చటం దీనికి దొరికిన ఒక పరిష్కారం. బట్ట అంచులు గరుకుదనాన్ని, రబ్బరు స్ప్రింగు గుణాన్ని ఇస్తాయి. అమెరికా రోలరు జిన్నులలో ఇటువంటి పొరల కప్పు చిరకాలంగా వాడుకలో ఉన్నది. మన దేశంలో 1924లో ముంబయిలోని మాటుంగాలో ప్రయోగశాలగా మొదలైన కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, జంట రోలర్ల జిన్నుల కోసం క్రోమియం లేని రోలర్లపై కృషి చేసింది.

మిల్లు యజమాని వీటిని ఎంచుకోవాలంటే రోలరు ధర ఒక్కటే చూస్తే చాలదు. అది అరిగేలోగా ఎన్ని క్వింటాళ్ళ దూది తీసింది, గాళ్ళు కొయ్యటానికి యంత్రం ఎన్ని గంటలు ఆగింది, క్వింటాలుకు ఎంత కరెంటు కాలింది అన్నవి కలిపి, వచ్చిన మొత్తాన్ని క్వింటాళ్ళతో భాగించాలి. పత్తి సీజను కొద్ది నెలలే కాబట్టి, ఆ నెలల్లో ఆగిన గంట మిగతా రోజుల్లో ఆగిన గంట కంటె చాలా ఖరీదు. కూలీల ఊపిరితిత్తులకు కలిగే నష్టం మాత్రం ఈ లెక్కలో ఏ గడిలోను కనిపించదు. ప్రమాణాల ద్వారానో, కొనుగోలుదారు షరతుల ద్వారానో దానిని లెక్కలోకి తీసుకు రావలసి ఉంటుంది.

వాడిన తరువాత

పాలిథిలీను, నైలాను వేడికి కరిగే ప్లాస్టిక్కులు. పాత డ్రిప్పు గొట్టాన్ని మట్టి పోయేటట్లు కడిగి కరిగిస్తే బుట్టలు, తొట్ల వంటి పీడనం లేని వస్తువులకు పనికివస్తుంది. గొట్టానికి మాత్రం మళ్ళీ వాడకపోవటం మంచిది. వల్కనీకరించిన రబ్బరు కరగదు, పొడి చేసి ఇతర పదార్థాలలో కలపాలి. ఈ రెండింటినీ విడదీయరాకుండా అతికించిన వస్తువు దేనికీ కొరగాదు. అందువలన గొట్టానికి పెట్టే రబ్బరు గ్రోమెట్టును అతికించకుండా, చేత్తో లాగితే ఊడివచ్చేటట్లు రూపొందిస్తారు. పాడైన గ్రోమెట్టును రైతు చేలోనే మార్చుకోగలగటం కూడా దీనివల్లనే.