ష్... బంతి వినపడాలి!

గోల్ పడ్డాక ఎంత గోలైనా చేసుకోండి, బంతి కదులుతున్నంతసేపు మాత్రం కిక్కురుమనకూడదు. చూపులేనివాళ్లు ఆడే గోల్‌బాల్ చూడ్డానికి వచ్చేవాళ్లకు మొదటి షరతు ఇదే. బంతిలో గంటలుంటాయి, వాటి చప్పుడును పట్టుకునే ఆట సాగుతుంది. జట్టుకు ముగ్గురు. ఎవరికైనా కాస్తో కూస్తో చూపుంటే అది కలిసిరాకుండా అందరి కళ్లకూ గంతలే. కోర్టు వాలీబాల్ కోర్టంత. గోల్ మాత్రం ఆ కోర్టు వెడల్పు మొత్తం, అంటే 9 మీటర్లు! కిలోంబావు బంతి దూసుకొస్తుంటే ముగ్గురూ చెవులు రిక్కించి, అడ్డంగా నేలకొరిగి ఒంటితోనే ఆపేస్తారు. తామెక్కడున్నారో తెలియడానికి గీతల టేపు కింద సన్నని తాడు ఉంటుంది, దాన్ని తడిమి చూసుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1946లో ఆస్ట్రియా వాసి హాన్స్ లోరెంజెన్, జర్మనీ వాసి సెప్ రీండిల్ దీన్ని తయారుచేశారు. మనకు తెలిసిన ఏ ఆటకో చేసిన సర్దుబాటు కాదిది.

అంధుల ఫుట్‌బాల్లోనూ ఇదే నిశ్శబ్దం. బంతి ఉన్నవాడి మీదికి వెళ్లేవాడు ‘వోయ్’ అని అరవాలి, అరవకపోతే ఫౌల్. గోల్‌కీపర్‌కు చూపుంటుంది. అవతలి గోల్ వెనక ఒక గైడ్ నిలబడి, ఎటు కొట్టాలో కేకేసి చెబుతుంటాడు. ఈ ఆట పారాలింపిక్స్‌లోకి వచ్చిన 2004 నుంచి టోక్యో దాకా ఐదుసార్లూ స్వర్ణం బ్రెజిల్‌దే. పారిస్‌లో మాత్రం సెమీఫైనల్లోనే అర్జెంటీనా పెనాల్టీల్లో దెబ్బకొట్టింది. ఆ అర్జెంటీనాను ఫైనల్లో, మళ్లీ పెనాల్టీల్లోనే, ఫ్రాన్స్ ఓడించింది. అదీ సొంతగడ్డపై, ఈఫిల్ టవర్ పక్కనే వేసిన మైదానంలో.

జాలిపడుతూ టీవీ ముందు కూర్చునేవాళ్లకు మందు వీల్‌చైర్ రగ్బీ. కుర్చీ కుర్చీని ఢీకొంటే ఆ చప్పుడుకు మనం ఉలిక్కిపడతాం, పడినవాడు మాత్రం లేచి మళ్లీ తలపడతాడు. 1970ల్లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన ఈ ఆటకు మొదట్లో ఉన్న పేరు ‘మర్డర్‌బాల్’. అయితే అసలు మజా ఢీకొనడంలో కన్నా లెక్కలో ఉంది. శరీరం ఎంతవరకు సహకరిస్తుందో చూసి ఒక్కొక్కరికీ 0.5 నుంచి 3.5 దాకా పాయింట్లు ఇస్తారు. కోర్టులో ఉన్న నలుగురివీ కలిపితే 8 దాటకూడదు. 3.5 వాళ్లను ఇద్దర్ని దింపితే ఏడు అక్కడే అయిపోయాయి, మిగతా ఇద్దరికీ చెరో అర పాయింటే మిగులుతుంది. మహిళ ఆడితే ఆ జట్టుకు అదనంగా అర పాయింటు వెసులుబాటు. కోచ్ ఎవర్ని ఎప్పుడు మారుస్తున్నాడో ఈ లెక్కతో చూడండి, ఆట రెట్టింపు రుచిస్తుంది.

2016 రియో పారాలింపిక్స్‌లో జరిగిన తమాషా ఇది. దృష్టిలోపం ఉన్నవాళ్ల టీ13 విభాగం 1500 మీటర్ల పరుగును అల్జీరియాకు చెందిన అబ్దెల్లతీఫ్ బాకా 3 నిమిషాల 48.29 సెకన్లలో గెలిచాడు. అంతకు కొన్ని వారాల ముందు అదే ఊళ్లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన అమెరికా రన్నర్ మాథ్యూ సెంట్రోవిట్జ్ సమయం 3 నిమిషాల 50 సెకన్లు. బాకా ఒక్కడే కాదు, అతని వెనక వచ్చిన ముగ్గురూ సెంట్రోవిట్జ్ కన్నా వేగంగానే పరుగెత్తారు. నాలుగోవాడు బాకా సోదరుడు ఫువాద్, పాపం పతకమే లేదు! దీన్ని పట్టుకుని ‘ఒలింపియన్లనే ఓడించారు’ అని రాసేస్తే మాత్రం తప్పు. ఆ ఒలింపిక్ ఫైనల్లో ఒకరినొకరు కనిపెట్టుకుంటూ కావాలనే నెమ్మదిగా పరుగెత్తారు. రెండూ వేర్వేరు పందేలు. అయినా ఈ అంకె తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

చూపులేని రన్నర్‌కూ గైడ్‌కూ మధ్య చిన్న తాడు ఉంటుంది. ముగింపు గీత దాటేదాకా దాన్ని వదలకూడదు, గైడ్ ముందు దాటకూడదు. పారిస్ పారాలింపిక్స్ మారథాన్‌లో స్పెయిన్ రన్నర్ ఎలెనా కాంగోస్ట్ మూడో స్థానంలో వస్తోంది. గీత ఇంకొన్ని అడుగులుందనగా గైడ్ కండరాలు పట్టేసి తూలాడు. అతన్ని పట్టుకోబోయి ఆమె క్షణంపాటు తాడు వదిలింది. అంతే, అనర్హత! కాంస్యం జపాన్‌కు చెందిన మిసాతో మిచిషితాకు దక్కింది. నిబంధన నిబంధనే అంటారు. నాకైతే ఇప్పటికీ మింగుడుపడలేదు.

చూపులేనివాళ్లు తమ పతకమేదో పోల్చుకునేలా రియో పతకాల్లో చిన్న చిన్న ఉక్కు గుండ్లు పెట్టారు, ఊపితే గలగలమంటాయి. స్వర్ణానిదే పెద్ద చప్పుడు. టోక్యో పతకాల అంచున గుంటలు చెక్కారు: స్వర్ణానికి ఒకటి, రజతానికి రెండు, కాంస్యానికి మూడు.

వీల్‌చైర్ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలను తాకొచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎస్తర్ వెర్గీర్ ఈ ఆటలో వరసగా 470 మ్యాచ్‌లు గెలిచింది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి గురించి చదివే ఉంటారు. ఆమె పడ్డ కష్టాల మీద వచ్చినంత రాత ఆమె పరుగు మీద రాలేదని నా ఫిర్యాదు. ఆమె పరుగెత్తే టీ20 అంటే క్రికెట్ కాదు, మేధోపరమైన లోపం ఉన్నవాళ్లు పరుగెత్తే విభాగం. 2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి దీప్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పారిస్ హీట్స్‌లో తుర్కియే రన్నర్ ఐసెల్ ఓండర్ దాన్ని బద్దలుకొట్టింది. ఫైనల్లో స్వర్ణం ఉక్రెయిన్ రన్నర్ ఎగరేసుకుపోగా, ఓండర్‌కు రజతం, 55.82 సెకన్లతో దీప్తికి కాంస్యం. ముగ్గురి మధ్య తేడా మొత్తం సెకను కూడా లేదు. ఆ చివరి వంద మీటర్లు దొరికితే చూడండి.

పారాలింపిక్స్‌లో లేకపోయినా అంధుల క్రికెట్‌ను వదలబుద్ధి కాదు. బౌలర్ ‘రెడీ?’ అంటాడు, బ్యాటర్ ‘యెస్’ అంటాడు, అప్పుడు బౌలర్ ‘ప్లే’ అంటూ గిలకలాడే బంతిని కిందినుంచి విసురుతాడు. చూపు అసలే లేని బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. 2025 నవంబరులో కొలంబోలో జరిగిన మొదటి మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి కప్పు తెచ్చింది మన జట్టే. కెప్టెన్ దీపిక శ్రీసత్యసాయి జిల్లా అమ్మాయి.

తర్వాతి వేసవి పారాలింపిక్స్ 2028 ఆగస్టు 15 నుంచి 27 వరకు లాస్ ఏంజెలెస్‌లో. అక్కడి సాయంత్రం ఏడు మనకు మర్నాడు పొద్దున ఏడున్నర. కాబట్టి నిద్ర మానుకోనక్కర్లేదు, కాఫీ పెట్టుకుని టీవీ వేస్తే చాలు.