సర్వర్ రాసుకునే చిట్టా

పూతలపట్టులో ఒక రైతు ఉదయం 11:10కి అడంగల్ నకలు కోసం మీసేవ కౌంటరు ముందు నిలబడ్డాడనుకుందాం. తెర మీద ఎర్రర్ అని పడింది. 'సర్వరు పనిచేయలేదంట, రేపు రమ్మన్నారు' అనుకుంటూ బస్సెక్కి ఊరికి పోతాడు. అసలు కారణాన్ని సర్వర్ ఆ క్షణంలోనే ఒక ఫైలులో రాసి పెట్టుకుంటుంది. దాన్నే ఎర్రర్ లాగ్ అంటారు. 2011 నవంబరులో మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే. కాబట్టి ఈ చిట్టా సంగతి మనకు పరాయిది కాదు.

సర్వర్ గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో నడుస్తుంటే ఆ 11:10 చిట్టాలో 05:40గా పడుతుంది. ఈ అయిదున్నర గంటల తేడా మరిచినవాడు వేరే ఎవరి తప్పునో వెతుకుతూ కూర్చుంటాడు.

తప్పుల తీవ్రతకు మెట్లున్నాయి. 1980లలో ఎరిక్ ఆల్మన్ రూపొందించిన సిస్‌లాగ్ పద్ధతిలో అవి 0 నుంచి 7 దాకా ఉంటాయి. 0 అంటే వ్యవస్థే కుప్పకూలిందని, 7 అంటే ప్రోగ్రామర్ పరిశీలన కోసం రాసుకున్న వివరమని అర్థం. నిత్యం నడిచే సర్వర్‌లో ఆ ఏడో మెట్టును తెరిచి వదిలేస్తే డిస్కు నిండిపోతుంది. ఇక కొత్త దరఖాస్తును భద్రపరచడానికీ చోటుండదు. తప్పులు రాయాల్సిన ఫైలే తప్పుకు కారణమవుతుంది!

అప్పుడు కంగారులో ఆ ఫైలును చెరిపేస్తారు. అయినా డిస్కు ఖాళీ కాదు. లినక్స్‌లో చెరిగేది ఫైలు పేరు మాత్రమే. సర్వర్ ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకున్నంతసేపూ చోటు విడుదల కాదు. డిస్కులో మిగిలిన చోటు చూపే 'డీఎఫ్' ఆదేశం నిండిందంటుంది, ఫైళ్ల పరిమాణం లెక్కగట్టే 'డీయూ'కేమో ఆ ఫైలు కనబడదు. లాగ్‌రొటేట్ అనే సాధనం పాత లాగ్‌లను తీసేసే ఈ పనిని పద్ధతిగా చేస్తుంది: పాతదాని పేరు మార్చి, కొత్త ఫైలు తెరవమని ప్రోగ్రామ్‌కు సంకేతం పంపి, పాతదాన్ని కుదించి, గడువు తీరాక తీసేస్తుంది. ఆ గడువు మన ఇష్టం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రంగా ఉంచాలి.

అన్నాళ్లు ఉండే చిట్టాలో ఆధార్ నంబరు, పాస్‌వర్డ్ పడకూడదు. 2018 మేలో ట్విటర్, పాస్‌వర్డులు తన అంతర్గత లాగ్‌లో ఉన్నవి ఉన్నట్టుగా నమోదయ్యాయని ఒప్పుకొని, 33 కోట్ల మందిని వాటిని మార్చుకోమని కోరింది.

రైతు పేరు రాయకుండానే అతని పని వెతికే దారి ఉంది. ప్రతి అభ్యర్థనకూ ఒక నంబరు ఇచ్చి, లాగ్‌లో ఏది రాశామో తెర మీదా అదే చూపాలి. కౌంటరులోని ఆపరేటర్ ఫోన్లో ఆ నంబరు చదివితే చాలు, అవతలివాళ్లకు ఆ వరుస దొరుకుతుంది.